కుర్చీ జరపమని అడగాల్సింది ఎవరు?

మీ హోమ్ థియేటర్ గురించి రాసిన ఉత్తరం కన్నా దాంతో పంపిన గది బొమ్మ నన్ను ఎక్కువసేపు ఆపింది. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, ముందు గోడకి టీవీ, సోఫా మధ్య నుంచి ఒక్కో స్పీకర్‌కీ ఒక గీత, గీత పక్కన డిగ్రీలు. చాలా పొందిగ్గా వేశారు. ఎడమ గోడ దగ్గర ఒక్కచోట ఇంటూ మార్కు పెట్టి ‘అడ్డం’ అని రాశారు. ఆ అడ్డం మీ నాన్నగారి పడక కుర్చీ అని ఉత్తరం చదివాక గానీ తెలియలేదు.

మీరు అడిగినవి రెండు. పక్క నుంచి శబ్దం వినిపించే ఎడమ సరౌండ్ స్పీకర్, టీవీ వైపు చూపు సున్నా అనుకుంటే, సరిగ్గా 110 డిగ్రీల దగ్గరికి రావాలి, అక్కడ కుర్చీ ఉంది, ఏం చేయాలి? ముందు గదిలోకి మారమని మామగారికి చెప్పమంటే మీ ఆవిడ ‘నేను చెప్పను’ అని భీష్మించుక్కూచుంది, వారం నుంచి ముభావంగా ఉంటోంది, ఆమెకి ఎలా నచ్చచెప్పాలి?

మొదటిదానికి జవాబు చిన్నదే. 110 దగ్గరే ఉండాలన్న పట్టింపు ఎవరూ పెట్టలేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సులోనే 100 నుంచి 120 డిగ్రీల దాకా అని ఉంది. మీ సోఫా గది వెడల్పుకి నడిమధ్యన ఉంది కాబట్టి పక్క గోడ మీకు 6 అడుగుల దూరం. ఆ లెక్కన గోడ వెంట మీ చెవికి అడుగు వెనక నుంచి ఇంచుమించు మూడున్నర అడుగుల వెనక దాకా ఎక్కడ పెట్టినా పనిచేస్తుంది. పైగా సరౌండ్ స్పీకర్ ఉండాల్సింది కూర్చున్న మనిషి చెవి కన్నా అడుగో రెండడుగులో పైన. కుర్చీ దాటాక, ఆయన చెవి పక్కనే మోగకుండా, కాస్త ఎత్తున గోడకి బిగించండి. కుడి స్పీకర్‌కీ దీనికీ దూరంలో తేడా వస్తే రిసీవర్‌లో, అంటే స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టెలో, ఆ దూరాలు వేయండి. శబ్దం ఒక్కో అడుగు దాటడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది, ఆ తేడా అదే సర్దుకుంటుంది. కుర్చీ అంగుళం కూడా కదలక్కర్లేదు.

ఇన్ని కొలతలు తీసిన మీకు ఇది తట్టలేదంటే నేను నమ్మను. కుడివైపు స్పీకర్‌ని గోడకే బిగించానని మీరే రాశారు. ఎడమవైపు మాత్రం స్టాండ్ మీదే, కుర్చీ ఉన్న చోటే కావాలన్నారు. స్పీకర్‌కి చోటు దొరక్క కాదు, ఆ గదిలో ఆయన ఉండటం మీకు ఇష్టం లేక. ముందు ఆ మాట మీకు మీరు ఒప్పుకోండి.

‘నాన్నకి సౌండంటే ఏం తెలీదు. సినిమా పెట్టగానే ఒక్క మాటా అర్థం కావట్లేదు, అంతా దడదడే అని అందరి ముందూ అంటారు.’ ఉత్తరం మొత్తంలో మీకు కోపం వచ్చింది ఈ రెండు వాక్యాల్లోనే. భార్య వారం మాట్లాడకపోయినా రాని కోపం ఇక్కడ వచ్చింది. మీరు ముచ్చటపడి చేసుకున్న పనిని నాన్న మెచ్చుకోలేదు. ఇది ఇవాళ్టి బాధ అయ్యుండదు లెండి. ‘నాన్నకి ఏం చెప్పాలన్నా మా ఆవిడే చెబుతుంది, మా ఇద్దరికీ మొదట్నుంచీ మాటలు తక్కువ’ అని ఏదో మామూలు సంగతిలా రాసి దాటేశారు. నాకు అదే అసలు సంగతి.

మందులు వేసుకున్నారా అని ఆవిడే అడుగుతుంది. ఎవరింటికి పెళ్లికి వెళ్లాలో, ఏ కాగితం మీద సంతకం పెట్టాలో ఆవిడే చెబుతుంది. ఇప్పుడు ఆయన్ని కుర్చీతో సహా లేపడం కూడా ఆవిడే చేయాలా? రేపు చుట్టాలు కొడుకు లేపాడని అనరు. కోడలు లేపిందంటారు. ఆ మాట మీ చెవిన కూడా పడదు, ఆవిడ మాత్రం ఏళ్ల తరబడి మోయాలి. ఆ పిల్ల ‘నేను చెప్పను’ అనడం మొండితనం కాదు, ఆత్మగౌరవం. నేనైతే ఇంకా ముందే అనేదాన్ని. కాబట్టి ఆవిడకి నచ్చచెప్పే ఉపాయం నా దగ్గర లేదు, ఉన్నా చెప్పను. తండ్రిని ఒక మాట అడగాల్సి వస్తే కొడుకే వెళ్లి, ఎదురుగా కూర్చుని అడగాలి. ఆయన కాదంటే ఆ కాదన్న మాట కూడా కొడుకే పడాలి.

ఇంకో సంగతి, మీకు రుచించకపోవచ్చు. ఆయన చెప్పింది నిజం. సెంటర్ స్పీకర్ టీవీ బల్ల కింది అరలో, లోపలికి తోసి ఉందని రాశారు. సినిమాలో మాటలు చాలావరకు వచ్చేది అందులోంచే, మీరేమో దాన్ని మోకాళ్ల వైపు గురిపెట్టారు. వయసు మీద పడ్డాక ముందు తగ్గేది సన్నని, హెచ్చు శ్రుతి శబ్దాల వినికిడి. స, శ లాంటి హల్లుల స్పష్టత అక్కడే ఉంటుంది కనుక మనిషి గొంతు వినపడుతుంది, మాట తెలియదు. మీరు వాల్యూమ్ పెంచితే దడదడే పెరుగుతుంది. ఆ దడదడకీ కారణం బొమ్మలో ఉంది. సబ్‌వూఫర్‌ని, అంటే బేస్ (లోతైన, గంభీరమైన శబ్దం) మోగించే స్పీకర్‌ని, ఎడమ వెనక మూలలో, సరిగ్గా ఆయన కుర్చీ వెనక పెట్టారు. మూలలో పెడితే బేస్ ఇంకా ఉబ్బుతుంది. మీ సోఫాలోకి కమ్మగా వచ్చేది ఆయన వీపు మీద గుద్దుతోంది.

సెంటర్ స్పీకర్‌ని అర అంచుదాకా లాగి, ముందువైపు కాస్త ఎత్తి చెవుల వైపు తిప్పండి. రిసీవర్‌లో దానికొక్కదానికే 2 లేదా 3 డెసిబెల్స్ పెంచండి. రాత్రిపూట నైట్ మోడ్ వేస్తే పేలుళ్లకీ మాటలకీ మధ్య తేడా తగ్గుతుంది. సబ్‌వూఫర్‌ని తాత్కాలికంగా సోఫా మీద పెట్టి, బేస్ ఎక్కువుండే పాట ఒకటి వేసి, గోడల వెంట పాకుతూ వినండి. ఎక్కడ నిండుగా, తేటగా వినపడితే దాని చోటు అదే. మీరు పాకుతుంటే ఆయన నవ్వుతారు, నవ్వనివ్వండి. ‘ఇప్పుడు మాట తెలుస్తోందా నాన్నా?’ అని మీరే అడగండి, వంటింట్లోంచి ఆవిడని పిలిచి అడిగించకండి. తెలియడం లేదంటే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అదీ మీరే.

వెనక ఇంకో రెండు స్పీకర్లు చేర్చి 7.1 చేయవచ్చా అని చివర్లో అడిగారు. సోఫా వెనక మీకున్నది 5 అడుగులే. ఇంకో రెండు అక్కడ ఇరికిస్తే కూర్చున్నవాళ్ల మెడ వెనకే మోగుతాయి. వద్దు.