డీఎఫ్ 93 జీబీ అంటోంది, డీయూ 57 జీబీ అంటోంది: లాగ్ ఫైలు తొలగించినా డిస్క్ ఎందుకు ఖాళీ కాలేదు?

మీరు ఇచ్చిన అంకెలను ముందుగా ఒకచోట పెట్టుకుందాం. హనుమకొండలోని మీ కళాశాల ల్యాబ్ సర్వర్‌లో ఉబుంటు ఉంది, రూట్ విభాగం (సిస్టమ్ ఉన్న ప్రధాన డిస్క్ భాగం) ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌తో ఉంది, దాని పరిమాణం 98 జీబీ. డిస్క్ వాడకాన్ని చూపే డీఎఫ్ -హెచ్ కొడితే 93 జీబీ వాడుకలో ఉందని, మిగిలింది సున్నా అని, వాడకం 100 శాతమని వస్తోంది. టామ్‌క్యాట్ (జావాతో నడిచే వెబ్ సర్వర్) రాస్తున్న, 30 జీబీ దాటిన లాగ్ ఫైలును ఆర్‌ఎం తో తొలగించినా ఆ అంకె కదలలేదు. సుడోతో, అంటే నిర్వాహకుడి అధికారంతో, అన్నిటికన్నా పై ఫోల్డర్ (/) నుంచి, ఫైళ్ల పరిమాణాలను కూడే డీయూ నడిపితే మాత్రం మొత్తం 57 జీబీ దాటడం లేదు. తక్కిన 36 జీబీ ఎక్కడికి పోయిందన్నది మీ ప్రశ్న.

కింద కమాండ్లను పలికే తీరులోనే తెలుగు అక్షరాలతో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటికి సరిపడే ఆంగ్ల అక్షరాలను కొట్టండి; పెద్దబడి (క్యాపిటల్) అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను.

ఈ రెండు కమాండ్లలో ఏదో ఒకటి తప్పు చెబుతోందని అనుకోకండి. 1971 నాటి యూనిక్స్ మొదటి మాన్యువల్‌లోనే ఇవి రెండూ విడివిడిగా ఉన్నాయి, ఎందుకంటే ఇవి కొలిచేవి వేర్వేరు. డీఎఫ్ ఏ ఫోల్డరూ తెరవదు. మొత్తం బ్లాకులు (డిస్క్ చోటును విడగొట్టిన ముక్కలు) ఎన్ని, ఖాళీగా ఉన్నవి ఎన్ని అని ఫైల్ సిస్టమ్‌నే అడిగి, అది ఉంచుకున్న లెక్కను చూపుతుంది, అందుకే రెప్పపాటులో జవాబిస్తుంది. డీయూ ఒక్కొక్క ఫోల్డర్‌లోకి దిగి, పేరున్న ప్రతి ఫైలూ ఆక్రమించిన బ్లాకులను కూడుకుంటూ పోతుంది. కోల్డ్ స్టోరేజీలో ఎన్ని బస్తాలు ఉన్నాయని అడిగితే గుమస్తా రిజిస్టరు చూసి చెప్పడం ఒకటి, హమాలీ వరుసల మధ్య నడిచి లెక్కపెట్టి చెప్పడం మరొకటి. హమాలీ నడవలేని చోట సరుకు ఉంటే రెండు లెక్కలూ కలవవు. కాబట్టి ఇంకేమీ తొలగించకండి. ఆ నడవలేని చోటు ఏదో ముందు తేల్చాలి.

మీ విషయంలో నాకు అనుమానం మొదట టామ్‌క్యాట్ మీదికే పోతుంది. ఆర్‌ఎం ఫైలును చెరపదు, ఫోల్డర్‌లోంచి దాని పేరును మాత్రమే తీసివేస్తుంది. పేర్లన్నీ పోయి, ఆ ఫైలును తెరిచి ఉంచుకున్న ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఒక్కటి కూడా మిగలనప్పుడే లినక్స్ ఆ బ్లాకులను విడిచిపెడుతుంది. మీరు లాగ్‌ను తొలగించిన సమయానికి టామ్‌క్యాట్ నడుస్తూనే ఉంది గనుక, ఆ 30 జీబీ ఇంకా దాని చేతిలోనే ఉండి ఉంటుంది, పైగా అది అందులోకి రాస్తూనే ఉంటుంది. పేరు లేదు కాబట్టి డీయూకు కనిపించదు. బ్లాకులు విడుదల కాలేదు కాబట్టి డీఎఫ్ లెక్కలోంచి తగ్గదు.

దీన్ని రుజువు చేసుకోవడానికి సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1 అని కొట్టండి. ఇక్కడ కూడిక గుర్తు తరువాతి ఎల్ పెద్దబడి. పేరు పోయినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా వస్తుంది. వరుస చివర డిలీటెడ్ అని బ్రాకెట్లలో ఉంటుంది, మధ్యలో పరిమాణం బైట్లలో ఉంటుంది, మొదట్లో ప్రాసెస్ పేరు, దాని పీఐడీ (ప్రాసెస్ సంఖ్య) ఉంటాయి. జావా పేరుతో పదకొండు అంకెల పరిమాణం కనిపిస్తే మీ 30 జీబీ దొరికినట్లే. టామ్‌క్యాట్ సర్వీసును ఒకసారి రీస్టార్ట్ చేయగానే డీఎఫ్ అంకె దిగుతుంది. పరీక్ష నడుస్తున్నందువల్లనో, ప్రవేశాల గడువు వల్లనో ఇప్పుడు రీస్టార్ట్ చేయడం కుదరకపోతే, అదే జాబితాలో ఎఫ్‌డీ అనే గడిలో ఉన్న అంకెను తీసుకుని, సుడో ట్రంకేట్ -ఎస్ 0 /ప్రాక్/పీఐడీ/ఎఫ్‌డీ/అంకె అని కొట్టవచ్చు. ఇందులో పీఐడీ ఉన్న చోట అసలు సంఖ్యను వేయాలి. ప్రాసెస్ ఆగకుండానే చోటు తిరిగి వస్తుంది. ఇకముందు కూడా నడుస్తున్న సర్వీసు లాగ్‌ను ఆర్‌ఎం తో తీయకుండా ట్రంకేట్‌తోనే ఖాళీ చేయండి. అంతకన్నా మేలైన పద్ధతి, లాగ్‌లను విడతలవారీగా మార్చే లాగ్‌రొటేట్‌లో ఆ ఫైలుకు కాపీట్రంకేట్ (కాపీ తీసి అసలును ఖాళీ చేయడం) పెట్టుకోవడం.

ఎల్‌ఎస్‌ఓఎఫ్ జాబితాలో పెద్దదేదీ కనిపించకపోతే చూడవలసిన రెండో చోటు ఒకటుంది. దీన్ని నేను వరంగల్‌లో, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి ముమ్మరంగా వచ్చే రోజుల్లో, ఒక కోల్డ్ స్టోరేజీ వారి సర్వర్ దగ్గర చూశాను. అక్కడ సీసీ కెమెరాల రికార్డింగులు విడిగా ఉన్న ఒక యూఎస్‌బీ డిస్క్‌లోకి పోవాలి. ఆ డిస్క్ /ఎస్‌ఆర్‌వీ/కెమెరా ఫోల్డర్ దగ్గర మౌంట్ అయ్యేది, అంటే దానిలోని ఫైళ్లు ఆ ఫోల్డర్‌లో కనిపించేవి. సర్వర్‌కు యూపీఎస్ ఉంది, డిస్క్ అడాప్టర్ మాత్రం గోడ ప్లగ్గుకు ఉంది. ఒకసారి రాత్రి కరెంటు ఎక్కువసేపు పోయి యూపీఎస్ కూడా దిగిపోయింది. కరెంటు వచ్చాక సర్వర్ లేచింది గానీ వదులుగా ఉన్న ఆ అడాప్టర్ వల్ల డిస్క్ లేవలేదు. మౌంట్ చేయవలసిన డిస్క్‌ల జాబితా అయిన ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ (డిస్క్ లేకపోయినా ముందుకు పో) అని ఉన్నందువల్ల బూటింగ్ ఆగలేదు, రికార్డింగు సాఫ్ట్‌వేర్ కూడా ఏమీ అనకుండా అదే ఫోల్డర్‌లోకి, అంటే రూట్ విభాగంలోకే, రాస్తూ పోయింది. తరువాత ఎవరో అడాప్టర్ నొక్కి పెట్టి, డిస్క్‌ను మౌంట్ చేసి, సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ మొదలుపెట్టారు. దాంతో అప్పటిదాకా రాసినదంతా ఆ మౌంట్ కింద కప్పబడిపోయింది. తక్‌పట్టీలు కొట్టే కౌంటర్‌లో బిల్లు సేవ్ కావడం లేదని నన్ను పిలిచారు. డీఎఫ్ నిండు, డీయూ సగం, ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

అలాంటప్పుడు రూట్‌ను ఇంకొక చోట కూడా కనిపించేలా మౌంట్ చేయాలి: సుడో మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ. ఇలా చేస్తే పైన కప్పిన మౌంట్లు వెంట రావు, వాటి అడుగున ఉన్న అసలు ఫోల్డర్లు మాత్రమే /ఎంఎన్‌టీలో కనిపిస్తాయి. అక్కడ సుడో డీయూ -ఎక్స్‌హెచ్ -డి1 /ఎంఎన్‌టీ | సార్ట్ -హెచ్ అని నడిపితే, చిన్నవాటి నుంచి పెద్దవాటి వరకు వరుసగా వచ్చి, అడుగున, మొత్తం చూపే వరుసకు పైనే, ఎస్‌ఆర్‌వీ బయటపడింది. ఆ రికార్డింగులను అసలు డిస్క్‌లోకి తరలించి, /ఎంఎన్‌టీని అన్‌మౌంట్ చేశాము. ఆ తరువాత కెమెరా డిస్క్‌ను కాసేపు అన్‌మౌంట్ చేసి, అడుగున ఉన్న ఖాళీ ఫోల్డర్‌కు సుడో ఛాటర్ +ఐ (మార్చకుండా తాళం వేయడం) పెట్టాము. ఇప్పుడు డిస్క్ మౌంట్ కాకపోతే ఆ ఫోల్డర్‌లో రూట్ (నిర్వాహక యూజర్) కూడా ఫైలు సృష్టించలేడు. మౌంట్ అయితే ఏ అడ్డూ ఉండదు. మీ ల్యాబ్‌లో బ్యాకప్ డిస్క్ ఏదైనా ఇలా తగిలించి ఉంటే ఈ పని తప్పక చేయండి.

డీయూ వాడేటప్పుడు -ఎక్స్ మరవకండి. అది లేకపోతే వేరే డిస్క్‌లను కూడా కలిపేసుకుని అంకె ఉబ్బుతుంది. సుడో లేకపోతే తెరవలేని ఫోల్డర్లను వదిలేసి అంకె తగ్గుతుంది. చాలామంది అలవాటుగా కొట్టే డీయూ -ఎస్‌హెచ్ * లో చుక్కతో మొదలయ్యే ఫైళ్లు లెక్కకు రావు; విద్యార్థుల హోమ్ ఫోల్డర్లలో బరువంతా తరచు ఆ చుక్క ఫోల్డర్లలోనే ఉంటుంది. ఒక్కొక్క ఫోల్డర్‌ను తెర మీద చూసుకుంటూ దిగాలంటే ఎన్‌సీడీయూ -ఎక్స్ / హాయిగా ఉంటుంది.

మీరు అడగకపోయినా మీ అంకెల్లోనే ఉన్న మరొక సంగతి. 98లోంచి 93 పోతే 5 మిగలాలి కదా, డీఎఫ్ సున్నా అంటుందేమిటని మీకు అనిపించి ఉంటుంది. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం బ్లాకులను రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. ఆ 5 జీబీ అదే. మామూలు యూజర్ ప్రాసెస్‌లు ఆగిపోయినా మీరు ఇంకా లాగిన్ అయి సుడోతో పని చేయగలుగుతున్నారంటే దాని చలవే. ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎం తో దాన్ని తగ్గించమని సలహాలు కనిపిస్తాయి. డేటా డిస్క్‌కైతే సరే గానీ రూట్ విభాగంలో దాని జోలికి పోకపోవడమే నయం.

కొందరు ఇలాంటప్పుడు జర్నల్‌ను (సిస్టమ్‌డీ రాసుకునే సిస్టమ్ లాగ్‌ను) అనుమానిస్తారు. దానికి తానుగా పెట్టుకునే హద్దు విభాగంలో 10 శాతం, అదీ 4 జీబీకి మించదు; పైగా దాని ఫైళ్లకు పేర్లు ఉంటాయి గనుక డీయూ లెక్కలోనే ఉంటాయి, కాబట్టి 36 జీబీ తేడాకు అది కారణం కాదు. డీఎఫ్ జాబితాలో లూప్ పేరుతో 100 శాతం చూపే వరుసలు స్నాప్ ప్యాకేజీలవి, అవి ఎప్పుడూ నిండుగానే ఉంటాయి, పట్టించుకోకండి. డీఎఫ్‌లో చోటు ఉన్నా చోటు లేదన్న సందేశమే వస్తే మాత్రం డీఎఫ్ -ఐ చూడండి: 100 జీబీ విభాగానికి మామూలుగా సుమారు 65 లక్షల ఐనోడ్‌లు (ఫైలుకు ఒకటి చొప్పున పట్టే నమోదులు) ఉంటాయి, పీహెచ్‌పీ సెషన్ల వంటి చిన్న చిన్న ఫైళ్లు వాటిని ముందే తినేయగలవు. మీ సర్వర్‌ది ఆ జబ్బు కాదు.

ముందు ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొట్టి చూడండి. అందులో జావా వరుస లేకపోతే, ఫైండ్‌ఎంఎన్‌టీ చూపే మౌంట్ల జాబితాను, బైండ్ మౌంట్ మీద వచ్చిన డీయూ జాబితాను ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.