బావిగట్టు టేకు కొమ్మ వేరు పట్టాలంటే

హన్మకొండ

చిరంజీవి శ్రీకాంత్‌కు పెదనాన్న ఆశీస్సులు.

తాత నాటిన బావిగట్టు టేకుకు పది పిల్లమొక్కలు కావాలని నువ్వు అడిగినప్పటి నుంచి నా మనసు ఆ చెట్టు దగ్గరే ఉంది. నర్సంపేట వైపు ఎన్ని టేకులు చూసినా అంత నిటారైన మాను నాకు కనబడలేదు. గింజ వేస్తే ఆ గుణం అలాగే దిగుతుందన్న నమ్మకం లేదు. పూతకు ఏ చెట్టు పుప్పొడి అంటిందో ఎవరు చెప్పగలరు? పైగా టేకు కాయ పెంకు గట్టిది. నానబెట్టి, ఎండబెట్టి ఎంత పాటుపడినా మొలకలన్నీ ఒక్కసారి రావు. కొమ్మతో చేద్దామన్న నీ ఆలోచన సరైనదే.

అయితే కొమ్మ నరికి నేరుగా మట్టిలో గుచ్చకు. ఆ పొరపాటు నేను చేశాను. మునగలా నాటుకుంటుందనుకుని బొటనవేలు లావు కొమ్మలు ఇరవై పాతాను. కొద్ది రోజులకే ఆకులు విచ్చుకున్నాయి. సంతోషంతో మీ పెద్దమ్మను పిలిచి చూపించాను. నెల తిరగకముందే అన్నీ వాడిపోయాయి. పీకి చూస్తే అడుగు నల్లబడి, వేలు తగిలితే బెరడు ఊడివచ్చింది. ఒక్క వేరు లేదు. కొమ్మలో దాగిన బలమే ఆకుగా వచ్చిందని అప్పుడు తెలిసింది. ముదిరిన చెట్టు కొమ్మ వేరు వేయడం చాలా అరుదు. చల్లని దేశాల ఓక్ చెట్లదీ ఇదే తీరు.

అందుకే ముందు ఆ చెట్టు నుంచి లేత పిలకలు రాబట్టాలి. ఆకు రాలిన ఫాల్గుణంలో మణికట్టు లావు కొమ్మలు రెండే రెండు కోసి, మూరెడు ముక్కలు చేసి, నీడలో తడి ఇసుకలో సగం మునిగేలా పడుకోబెట్టు. ఇసుక ఆరనివ్వకు. కొన్ని వారాలకు బెరడును చీల్చుకుని పిలకలు వస్తాయి. ఒక లేతాకు తుంచి అరచేతిలో నలిపి చూడు, ఎర్రరంగు అంటుతుంది.

పిలక నాలుగైదు అంగుళాలు పెరిగాక, పొద్దున్నే పదునైన బ్లేడుతో కణుపు కింద కోయి. కింది ఆకులు తీసేసి, పై జతను సగానికి కత్తిరించు. టేకు ఆకు వెడల్పు ఎక్కువ. అలాగే వదిలితే వేరు లేని పిలకలోని తడంతా అది లాగేస్తుంది. కోసిన చివరను వేర్లు వేయించే ఐబీఏ పొడిలో అద్ది, కడిగిన ఇసుకలో గుచ్చు. రేగడి మట్టి అస్సలు వద్దు, నీరు నిలిచి కుళ్లిపోతాయి. పైన వెదురు బద్దలు వంచి పాలిథిన్ కప్పు. లోపలివైపు ఎప్పుడూ నీటి బొట్లు కనబడాలి. నేరుగా ఎండ పడిందా, అవి ఉడికిపోతాయి.

నెలదాకా దేన్నీ పీకి చూడకు. తరువాత రెండు వేళ్లతో మెల్లగా లాగితే, వేరు పట్టినది కదలదు. వాటికి కప్పును రోజూ కాసేపు తీసి గాలి అలవాటు చేసి, సంచుల్లోకి మార్చు. సగం బతికినా నాకు ఆనందమే. వచ్చే ఏడు తొలకరికి పైచెల్కలో నాటుదాం, అక్కడ నీరు నిలవదు.

కొమ్మలు కోసే రోజు ముందుగా ఫోను చేయి. ఏ కొమ్మ కోయాలో నేనే వచ్చి చూపిస్తాను. చిన్న రంపానికి ఇప్పుడే పదును పెట్టించి ఉంచాను.

నీ పెదనాన్న