మూడోసారికి నేనూ చెయ్యెత్తాను

ప్రజలు మెచ్చిన అధ్యక్షుణ్ణి, పని చేసి చూపించిన మనిషిని, రెండు పదవీకాలాలు పూర్తయ్యాయి కాబట్టి దిగిపొమ్మనడం ప్రజల ఇష్టాన్ని తోసిపుచ్చడం కాదా అని మీరు అడిగారు. నచ్చకపోతే ఓటర్లే ఓడిస్తారు, మధ్యలో రాజ్యాంగం అడ్డుపడటం దేనికి అని కూడా అడిగారు.

ఇరవై ఎనిమిదేళ్ళు ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్నకు పాఠంలాగా జవాబు చెప్పడం నాకు కష్టం కాదు. అయినా 2021లో ఇదే ప్రశ్న నా ముందుకు వచ్చినప్పుడు నేను తప్పువైపు చెయ్యెత్తాను. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

మాది విజయవాడ సింగ్ నగర్‌లో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. మా సంఘం బైలాల ప్రకారం అధ్యక్షుడి గడువు రెండేళ్ళు. ఒకే వ్యక్తి వరుసగా రెండుసార్లకు మించి ఆ పదవిలో ఉండకూడదు. 2017లో ప్రభుత్వ ఇంజనీరుగా చేసి రిటైరైన ఒకాయనను ఎన్నుకున్నాం. ఆయనను అందరం ఇంజనీరు గారు అనే పిలిచేవాళ్ళం. ఆయన వచ్చిన ఏడాదిలోనే బోరు మళ్ళీ తవ్వించారు, రెండేళ్ళుగా మొరాయిస్తున్న లిఫ్టును బాగు చేయించారు, మెయింటెనెన్స్ బకాయిలు పైసాతో సహా వసూలు చేశారు. 2019లో మళ్ళీ ఆయననే ఎన్నుకున్నాం. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు ఆ మనిషి చేసిన సేవ నేను జన్మలో మరచిపోలేను. అర్ధరాత్రి ఆక్సిజన్ సిలిండర్ కోసం ఊరంతా తిరిగారు. మా పై అంతస్తులో ఉండే ముసలాయనను సొంత కారులో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అప్పటికి ఆయన వయసు అరవై ఎనిమిది.

ఆ ఆగస్టులో సెల్లారులో సర్వసభ్య సమావేశం పెట్టుకున్నాం. ఆయన గడువు తీరింది. ఇంత చేసిన మనిషిని పొమ్మని ఎలా అంటాం? బైలాలోంచి 'వరుసగా రెండుసార్లకు మించి' అన్న మాటలు తీసేద్దామని ఎవరో అన్నారు. చప్పట్లు మోగాయి. ముప్పైమూడు మంది హాజరయ్యారు, ముప్పైరెండు చేతులు లేచాయి. నేను సంఘం కార్యదర్శిని. చెయ్యెత్తి, ఆ తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో నా చేతి రాతతోనే రాశాను.

చెయ్యెత్తనిది రెండో అంతస్తులో కుట్టు మిషన్లు పెట్టుకుని జాకెట్లు కుట్టే ఒకావిడ. ఆమె అన్నమాట ఇది: "ఇంజనీరు గారంటే నాకు గౌరవమేనండీ. మార్చాలనుకుంటే మార్చండి. కానీ ఈ మార్పు ఆయన తర్వాత వచ్చేవాళ్ళ నుంచి మొదలుపెట్టండి." ఆ మాట వినగానే చాలామంది ముఖాలు ముడుచుకున్నారు. కృతజ్ఞత లేని మాట అన్నట్టు చూశారు. నేనూ అలాగే చూశానని చెప్పడానికి ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంజనీరు గారు దొంగ కాదు. ఒక్క రూపాయి తేడా చేయలేదు. నియంతృత్వం కూడా చేయలేదు. మీరు ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలని నా కోరిక, ఎందుకంటే పదవీకాల పరిమితి చెడ్డవాళ్ళ కోసమేనని చాలామంది అనుకుంటారు. మా దగ్గర మారినవి అన్నీ చిన్నవి. గడువు నియమం ఉన్నన్నాళ్ళూ జమాఖర్చుల పుస్తకాన్ని సమావేశంలో పైకి చదివేవాళ్ళం. తర్వాత 'ఇంజనీరు గారు చూశారు' అంటే సరిపోయేది. కోశాధికారి బిల్లులు అడగడం మానేశాడు. ఎలాగూ ఉండేది ఆయనే, ఆయనతో పేచీ ఎందుకు అనుకున్నాడు. మూడో అంతస్తు కుర్రాడు ఒకడు అధ్యక్షుడిగా నిలబడాలని ఉత్సాహపడేవాడు. సెల్లారుకు నీరు రాకుండా కాంక్రీటు గట్టు కట్టాలని లెక్కలు కూడా వేసుకున్నాడు. 2023 ఎన్నికలకు అసలు పేరే ఇవ్వలేదు. పోటీ లేకుండా ఇంజనీరు గారే నాలుగోసారి ఎన్నికయ్యారు. ఓటర్లు ఓడించవచ్చు కదా అన్నారు మీరు. ఓడించడానికి ఎదురుగా ఇంకొకరు ఉండాలి. ఆ ఇంకొకరు ముందే ఇంట్లో కూర్చుంటే ఓటరు చేయగలిగేది లేదు.

ఇంకొకటి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గడువు ఉన్న రోజుల్లో ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఏ వాల్వు ఏ బ్లాకుది, జనరేటర్ మెకానిక్ ఎవరు, బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయి అని, తర్వాత వచ్చేవారికి అప్పగించడానికి రాసుకునేవారు. గడువు తీసేశాక రాయడం ఆపేశారు. ఎవరికి అప్పగించాలని రాస్తారు?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చాయి. సింగ్ నగర్ ఆ వారం ఎలా ఉందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. సెల్లారు నిండింది, మీటర్ల గది మునిగింది, కరెంటు పోయింది. ఇంజనీరు గారు అప్పటికి పది రోజులుగా పుణేలో కూతురి దగ్గర ఉన్నారు. ఫోన్లు కలవలేదు. చెక్కుబుక్కు ఆయన బీరువాలో ఉంది. ఆన్‌లైన్ ఖాతా ఆయన ఫోనుకు ముడిపడి ఉంది. భవనానికి బీమా ఉందో లేదో నలభై ఇళ్ళలో ఒక్కరికీ తెలియదు, కార్యదర్శినైన నాకూ తెలియదు. నీళ్ళు తగ్గి కరెంటు వచ్చిన రోజు, ఎవరో ఆత్రంలో మోటారు వేశారు. ఏ వాల్వు మూయాలో తెలియక సంపులోని బురదనీరంతా పై ట్యాంకులకు ఎక్కింది. తాగడానికి చుక్క లేని ఇళ్ళలో కుళాయి తిప్పితే బురద వచ్చింది. ఇంజనీరు గారు తిరిగి వచ్చి ఆ ట్యాంకుల దగ్గర నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తప్పు ఆయనొక్కరిదే అని నేను అనను. ఏడేళ్ళుగా ఆలోచించే పని ఆయనకు వదిలేసి కూర్చున్నాం.

దేశాల సంగతి ఇంకా తీవ్రంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ అధ్యక్షుడి చేతిలో వాల్వులు కాదు, పోలీసులూ సైన్యమూ ఉంటాయి. కానీ మొదలయ్యే తీరు మాత్రం మా సెల్లారులాగే కృతజ్ఞతతో మొదలవుతుంది. శ్రీలంకను చూడండి. 2009లో అంతర్యుద్ధం ముగిసింది. ఆ యుద్ధకాలపు అధ్యక్షుడు మహింద రాజపక్స 2010 జనవరిలో రెండోసారి గెలిచారు. అదే ఏడాది సెప్టెంబరులో 18వ రాజ్యాంగ సవరణతో రెండుసార్ల పరిమితిని ఎత్తేశారు. పార్లమెంటులో అనుకూలంగా 161, వ్యతిరేకంగా 17 ఓట్లు పడ్డాయి. ఆ సవరణ అంతటితో ఆగలేదు. ఎన్నికల, పోలీసు సంఘాల వంటివాటిలో నియామకాలు చేసే అధికారాన్ని కూడా అధ్యక్షుడివైపే లాగింది. గడువు పెంపు సాధారణంగా ఒంటరిగా రాదు. 2015 జనవరిలో ఆయన ఓడిపోయిన మాట నిజమే. అయితే ఓడించినది ఎవరు? అంతకు కొద్ది వారాల ముందు వరకు ఆయన మంత్రివర్గంలోనే ఆరోగ్యమంత్రిగా ఉన్న మైత్రిపాల సిరిసేన. లోపలి మనిషి తెగించి బయటికి వస్తే గానీ ఎదురు నిలిచే అభ్యర్థి దొరకలేదు. ఆ ఏడాదే 19వ సవరణతో రెండుసార్ల పరిమితిని తిరిగి తెచ్చుకున్నారు.

కోర్టులు ఆపుతాయి కదా అంటారా? కొన్నిసార్లు ఆపాయి. కొలంబియాలో అధ్యక్షుడు అల్వారో ఉరిబేకు మంచి ప్రజాదరణ ఉన్నప్పుడే, 2010 ఫిబ్రవరిలో, మూడోసారి కోసం తలపెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆయన తలవంచారు. బొలీవియాలో దీనికి పూర్తిగా తలకిందులైంది. అధ్యక్షుడు ఇవో మొరాలెస్‌కు ఇంకోసారి వద్దని 2016లో ప్రజలే ఓటు వేసి చెప్పారు, 2017లో న్యాయస్థానం ఫరవాలేదంది. ఆయన 2019లో మళ్ళీ పోటీ చేశారు, ఆ ఎన్నిక పెద్ద గొడవగా మారి నవంబరులో రాజీనామా చేయవలసి వచ్చింది. మీరు ప్రజల ఇష్టం అన్నారు కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

మన ప్రధానమంత్రికి అలాంటి పరిమితి లేదు కదా అని మీకు సందేహం రావచ్చు. నా విద్యార్థులు ప్రతి ఏడాదీ అడిగేవారు. ప్రధానికి నిజానికి కచ్చితమైన గడువు లేదు, లోక్‌సభ విశ్వాసం ఉన్నన్నాళ్ళే ఆ పదవి. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో, 269కి 270తో పడిపోయింది. అమెరికా తరహా అధ్యక్షుణ్ణి అలా దించలేరు. అక్కడ అభిశంసన ద్వారా, అంటే చట్టసభ విచారించి తొలగించడం ద్వారా, పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు ఇంతవరకు ఒక్కరూ లేరు. అందుకే అలాంటి వ్యవస్థలో దిగే తేదీకి అంత విలువ. అమెరికా మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ రెండుసార్లతో ఆగిపోయిన సంప్రదాయాన్ని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగుసార్లు గెలిచి దాటాక, 1951లో దాన్ని 22వ సవరణగా రాసుకున్నారు. ఇక మన దగ్గరా ఆ ఆశ పుట్టకపోలేదు. ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణ లోక్‌సభ గడువును ఐదేళ్ళ నుంచి ఆరేళ్ళు చేసింది. పెంచినవాళ్ళు పెంచుకున్నది తమ గడువునే. 44వ సవరణ దాన్ని మళ్ళీ ఐదుకు తెచ్చింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది దక్షిణ కొరియా. 1954లో అక్కడి మొదటి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ కోసం, కేవలం మొదటి అధ్యక్షుడికి పరిమితి వర్తించదని ఒక సవరణ తెచ్చారు. సభలో 203 మంది. మూడింట రెండు వంతులు అంటే 135.33, అంటే 136 ఓట్లు కావాలి. వచ్చినవి 135. వీగిపోయిందని ప్రకటించారు. రెండు రోజుల తర్వాత, 0.33 అనేది సగం కంటే తక్కువ కాబట్టి వదిలేయవచ్చని చెప్పి, నెగ్గిందని ప్రకటించారు! 1960లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చేవరకు ఆయన దిగలేదు. తర్వాత వచ్చిన పార్క్ చుంగ్ హీ కూడా 1969లో తన మూడోసారి కోసం రాజ్యాంగాన్ని మార్పించారు. ఇన్ని దెబ్బలు తిన్నాక, 1987 నాటి రాజ్యాంగంలో వాళ్ళు రెండు నియమాలు ఉంచుకున్నారు. అధ్యక్షుడికి ఒకటే ఐదేళ్ళ పదవీకాలం. రెండోది 128వ అధికరణంలో ఉంది: గడువు పెంచే సవరణ ఏదైనా, అది ప్రతిపాదించిన సమయంలో పదవిలో ఉన్న అధ్యక్షుడికి వర్తించదు.

ఈ వాక్యం నేను వరదల తర్వాత చదివాను. చదివిన వెంటనే మా సెల్లారు కళ్ళముందు మెదిలింది. కుట్టుమిషను ఆవిడ అడిగింది అక్షరాలా ఇదే. ఒక దేశం ముప్పై ఏళ్ళు కష్టపడి రాసుకున్న నియమాన్ని ఆమె ఒక్క నిమిషంలో చెప్పింది, మేము విననట్టే ఊరుకున్నాం.

కాబట్టి నా జవాబు ఇది. రెండుసార్లే ఎందుకు, మూడెందుకు కాకూడదు అన్నది చర్చించదగిన ప్రశ్నే. రెండు అనే అంకెలో మహిమ ఏమీ లేదు. కానీ ఆ మార్పు వల్ల లాభపడేది ఇప్పుడు కుర్చీలో ఉన్న మనిషే అయితే, ఆ మనిషి ఎంత మంచివాడైనా, ఎంతమంది చప్పట్లు కొట్టినా, నేను ఒప్పుకోను. 'తర్వాతి వారి నుంచి' అని ఒక్క మాట చేర్చమని అడగండి. నియమం మీద ప్రేమతో అడిగినవారు చేరుస్తారు. మనిషి కోసం అడిగినవారు ఆ మాట వినగానే చర్చ ఆపేస్తారు.

2024 నవంబరులో మళ్ళీ సమావేశమయ్యాం. మినిట్స్ పుస్తకం నీళ్ళలో తడిసి ఉబ్బిపోయింది. 2021 నాటి పేజీలో నా సిరా మొత్తం చెదిరి, తీర్మానం చదవడానికి రాలేదు. కొత్త పుస్తకం తెచ్చి రెండుసార్ల పరిమితిని తిరిగి రాశాను. దాని కింద, ఈ నియమాన్ని ఎప్పుడు సడలించినా అప్పటి కార్యవర్గానికి ఆ సడలింపు వర్తించదని చేర్చాను. ప్రతిపాదించింది ఇంజనీరు గారే. ఇప్పుడు అధ్యక్షురాలు ఆ కుట్టుమిషను ఆవిడ. నెల మొదటి ఆదివారం పొద్దున్నే సంపు దగ్గర నిలబడి, ఏ వాల్వు ఎటు తిప్పాలో మూడో అంతస్తు కుర్రాడికి చూపిస్తుంటారు. ఇంజనీరు గారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, తప్పు తిప్పితే చెబుతుంటారు.