ఏఐ పుణ్యమా అని బతికున్న తాతగారికి ‘కీ.శే.’ తగిలించాం

చిన్న, మధ్యతరహా వ్యాపారులు ఏఐని నిజంగానే వాడుతున్నారా, లేక అదంతా సదస్సుల్లో చెప్పుకునే కబురేనా అని కొందరు అడుగుతుంటారు. వాడుతున్నారు. చాలాచోట్ల యజమానికి తెలియకుండానే. నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

రాజమండ్రిలో ఇరవై రెండేళ్లుగా ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతున్నాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేస్తాం. ప్రభుత్వ లెక్కలో నేను చిన్న వ్యాపారిని కూడా కాదు. 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొలత ప్రకారం పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవరు 10 కోట్లు మించనివాళ్లంతా సూక్ష్మ సంస్థలేనట. పది కోట్లు! మా వీధిలోని దుకాణాలన్నీ కలిపినా అంత రాదు.

ఆషాఢమంతా ఈగలు తోలుకుంటాం, శ్రావణం రాగానే శుభలేఖల ఆర్డర్లు మీద పడతాయి. పోయిన శ్రావణంలో అలాంటి హడావిడిలో ఒక పెళ్లివారు చేత్తో రాసిన మేటరు ఇచ్చి వెళ్లారు. ఐదు వందల కార్డులు వేసి ఇచ్చాం. మూడోరోజు ఉదయం షట్టరు తీస్తుండగా పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు కార్డు పట్టుకుని వచ్చారు. నా ఎదురుగా కూర్చుని, మంచినీళ్లు తాగి, “బాబూ, ఈ మూడో వరసలో ఉన్నది నేనే” అన్నారు. చూశాను. ఆయన పేరుకు ముందు ‘కీ.శే.’ అని ఉంది. బంగారు రంగు అక్షరాల్లో.

కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఫైలులోంచి మేటరు కాగితం తీశాను. పెళ్లికూతురి తల్లి తరపు తాతగారికి మాత్రమే కీ.శే. ఉంది. తండ్రి తరపు తాతగారు, అంటే నా ఎదురుగా ఉన్నాయన, నిక్షేపంలా ‘శ్రీ’ అనే ఉన్నారు. కంప్యూటరులో మేటరు టైపు చేసి పేజీలు కూర్చే మా డీటీపీ కుర్రాణ్ని నిలదీస్తే అప్పుడు బయటపడింది. నాలుగు నెలలుగా కంపోజింగే చేయడం లేదట. మేటరును ఫోనుతో ఫొటో తీసి ఏఐకి ఇస్తే అది టైపు చేసి ఇస్తోందట. వాడి వేగానికి ముచ్చటపడి ఒకసారి జీతం కూడా పెంచాను!

అది అక్షరాలు తప్పు చదవలేదు. ఒక తాతగారికి కీ.శే. ఉంది కాబట్టి రెండో ఆయనకూ ఉంటే వరస బాగుంటుందనుకుంది. యంత్రానికి పొందిక మీద మోజు, ఇది నా సిద్ధాంతం. మనిషి తప్పు చేస్తే ‘వివాహం’ ‘వివహం’ అవుతుంది, కంటికి గుచ్చుకుంటుంది. దీని తప్పులో ఒక్క అక్షరదోషం ఉండదు, అందుకే ఎవరికీ కనబడదు. ప్రూఫు, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా, వాట్సాప్‌లో పంపితే పెళ్లికూతురి బాబాయి బొటనవేలు బొమ్మ పెట్టి సరే అన్నాడు. సొంత తండ్రి పేరది! అసలు ఈ ఊళ్లో ప్రూఫు చదివే మనిషి మిగిలాడా అని నా అనుమానం.

కార్డులన్నీ నా ఖర్చుతో మళ్లీ వేసి ఇచ్చాను. పెద్దాయన మాత్రం, “వద్దులే బాబూ, పెళ్లిదాకా అది నిజం కాకుండా నేనే చూసుకుంటాను” అని నవ్వారు.

పోనీ సమయం కలిసొచ్చిందా అంటే, అదీ అనుమానమే. మా ప్రెస్సులన్నీ ఇంకా ‘అను’ అనే పాతకాలపు తెలుగు ఫాంట్ల మీద, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 2001 నాటి ఏడో వెర్షన్ మీద బతుకుతున్నాయి. ఏఐ ఇచ్చేది యూనికోడ్, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే తెలుగు. దాన్ని అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడతాయి. రెండు నిమిషాల్లో వచ్చినదాన్ని ఇరవై నిమిషాలు సరిచేయాలి. సదస్సుల్లో కోటు వేసుకుని మాట్లాడేవాళ్లలో ఒక్కరికైనా ఈ బాధ తెలుసా? పైగా ఖాతాదారులే ఏఐతో ఫ్లెక్సీ బొమ్మలు చేయించి తెస్తున్నారు. వేంకటేశ్వరస్వామి దివ్యంగా ఉంటాడు, కింద అక్షరాలు చూస్తే తెలుగూ కాదు, కన్నడమూ కాదు. “ఇదే వేసెయ్యండి” అంటారు.

మెచ్చుకోవలసింది ఒకటుంది. హైదరాబాద్ కంపెనీలకు ఇంగ్లీషులో కొటేషన్ రాయాలంటే నాకు చెమటలు పట్టేవి. ఇప్పుడు తెలుగులో చెబితే అదే రాసి పెడుతోంది. జీఎస్టీ నోటీసు వస్తే దానిలో ఏముందో తెలుగులో విడమరిచి చెబుతుంది. జవాబు మాత్రం మా ఆడిటరు గారే రాస్తారు, ఆ విషయంలో నేను సాహసం చేయను.

కుర్రాణ్ని మానమని చెప్పలేదు. పేర్లు, తేదీలు, ముహూర్తం మాత్రం చేత్తో టైపు చేయాలి. ప్రూఫు కాగితం మీద ఇస్తాం, పార్టీ సంతకం పెట్టాలి. “ఇంకా ఇదేమి చాదస్తమండీ” అని పక్క ప్రెస్సుకు పోయినవాళ్లూ ఉన్నారు.

పోయిన నెల ఆ పెద్దాయన మళ్లీ వచ్చారు, తన సహస్ర చంద్ర దర్శనం ఆహ్వానపత్రిక వేయించుకోవడానికి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కంపోజింగ్ పూర్తయ్యేదాకా మేటరు పైకి చదువుతూ కుర్రాడి వెనకే నిలబడ్డారు.