నాన్నగారితో లే మాన్స్ రేసుకు: లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 25 వేలు మిగులుతుంది, ఏప్రిల్‌లో 1.1 లక్షల బోనస్ వస్తుంది. నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు మెకానిక్‌గా చేశారు. ఈ జూన్‌లో ఆయనకు ఫ్రాన్స్‌లో లే మాన్స్ 24 గంటల కార్ల రేసు చూపించాలని ఉంది. ఇద్దరికీ 5 లక్షలు అవుతుందనుకుంటున్నాను. పర్సనల్ లోన్ తీసుకోనా, ఉన్న 3 లక్షల ఎఫ్‌డీ తీసేయనా?

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. నలభై ఏళ్లు ఇంజిన్ల మధ్య గడిపిన మనిషికి ఇంతకంటే మంచి కానుక నాకు తోచడం లేదు. కాకపోతే ఈ జూన్‌లో వద్దు, వచ్చే ఏడాది జూన్‌లో వెళ్లండి.

5 లక్షల లోన్‌కి 14 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 17,100 కట్టాలి. వడ్డీకే 1.15 లక్షలు పోతాయి. ఎఫ్‌డీ కూడా ముట్టుకోకండి. రేపు నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే చేతిలో ఉండేది అదొక్కటే.

ఈ ఫిబ్రవరి నుంచే నెలకు 24 వేలు ఏడాది ఆర్‌డీ కట్టండి. వడ్డీతో కలిపి 2.98 లక్షల దాకా వస్తుంది, విమానం టికెట్లకీ వీసాకీ అది. రేసు టికెట్లు, గది మాత్రం చాలా ముందే కొనాలి కాబట్టి బోనస్ వాటికి ఉంచండి. ఆర్‌డీ అయ్యాక మరో నాలుగు నెలలు దాచే 96 వేలు అక్కడి ఖర్చులకు. షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టకండి, ఏడాదిలో కావాల్సిన డబ్బిది.

రేసు వారంలో లే మాన్స్ ఊళ్లో గది దొరకడం కష్టం. చాలామంది సర్క్యూట్ (రేసు ట్రాక్) పక్కనే టెంట్లు వేసుకుంటారు. నాన్నగారితో ఆ పని వద్దు. పారిస్‌లో ఉన్నా ఫరవాలేదు, మోంపర్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో గంట ప్రయాణం, దిగాక సర్క్యూట్ దాకా ట్రామ్ ఉంది. గది ఖర్చులో మిగిలిన డబ్బు సీటు మీద పెట్టండి. జనరల్ టికెట్‌తో కూడా రేసు చూడొచ్చు, కానీ ఆయనకు పిట్‌ల (రేసు మధ్యలో కార్లు ఆగే చోటు) ఎదురు స్టాండులో సీటు కొనండి. టైర్లు విప్పి బిగించడం, పెట్రోలు పట్టడం, డ్రైవర్ దిగి ఇంకొకరు ఎక్కడం అన్నీ కళ్లెదుటే. మిగతా రేసంతా ఒక ఎత్తు, ఆయనకు అదొక ఎత్తు! ముందురోజు శుక్రవారం డ్రైవర్ల ఊరేగింపు ఊరి వీధుల్లోనే జరుగుతుంది, రోడ్డు పక్కన నిలబడి చూడటానికి పైసా అక్కర్లేదు. పాత ఊళ్లో రోమన్ల నాటి ఎర్రటి కోటగోడ వెంట నడవడానికీ అంతే.

వీసా ఫీజు మనిషికి 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. అందులో షుగర్ సంగతి దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది. వీసాకి బ్యాంక్ స్టేట్‌మెంట్లు చూస్తారు. ఉన్నట్టుండి పడిన 5 లక్షల కంటే నెలనెలా పెరిగిన పొదుపు చూపించడం మీకు సులువు.

అక్కడ కార్డు గీసినప్పుడు మిషన్ మీద రూపాయలా, యూరోలా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లు వేసిన మారకం రేటుకే కట్టాలి, అది సాధారణంగా ఎక్కువే ఉంటుంది.

నాన్నగారికి పాస్‌పోర్టు ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ వారమే అప్లై చేయించండి.