మెక్సికో విప్లవం మీద పరిశోధనకు దిగుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రతిపాదన రెండుసార్లు చదివాను. 1910లో మొదలుపెట్టి 1920లో ఆపేస్తానన్నావు. నా మాట విని ఆ రెండు గీతలూ చెరిపెయ్యి. ఒక్క ఊరు తీసుకుని, 1870ల నుంచి 1940 దాకా దాన్నే పట్టుకో.

ఎందుకంటావా? మొరెలోస్ రాష్ట్రంలోని అనెనెకుయిల్కో, విప్లవంలో రైతుల నాయకుడైన జపాటా పుట్టిన ఊరు. 1909లో ఊరివాళ్లు అతన్ని తమ ఊరి పెద్దగా ఎన్నుకున్నారు. స్పెయిన్ పాలన నాటి భూమి కాగితాలు కూడా అప్పుడే అతని చేతికొచ్చాయి. 1911 నవంబరులో జపాటా ప్రకటించిన అయాలా ప్రణాళిక, పత్రాలున్న ఊళ్లు పోగొట్టుకున్న భూముల్ని వెంటనే స్వాధీనం చేసుకోవాలంది. విప్లవం గద్దె దించిన నియంత పోర్ఫిరియో దియాజ్ కాలంలో చక్కెర ఎస్టేట్లు ఆ పొలాల్ని ఎలా మింగాయో చూడకపోతే, ఆ మాటలో ఎంత కడుపుమంట ఉందో నీకు అందదు.

ఊళ్లు భూమి కోరే వీలిచ్చిన 1915 జనవరి 6 చట్టం తర్వాత ఊళ్లు పెట్టుకున్న అర్జీల ఫైళ్లు నీకు అసలైన నిధి. అర్జీ ఒక్కటే ఫొటో తీసుకుని వచ్చేయకు. సర్వేయర్ పటం, కుటుంబాల లెక్క, ఎస్టేట్ యజమాని అభ్యంతరం, అన్నీ కలిపి చదువు. ‘మా భూమి మాకు తిరిగివ్వండి’ అంటే పాత హక్కు రుజువు చేయాలి, అది చాలా కష్టం. అందుకే ఎక్కువ ఊళ్లకు భూమి వచ్చింది ‘మాకు కొత్తగా కేటాయించండి’ అన్న దారిలోనే. కాబట్టి అర్జీలో కనిపించే మాటలన్నీ రైతు మనసులోవే అనుకోవద్దు. ఆఫీసు ఏ మాట వింటుందో ఆ మాటే రాయించుకున్నారు.

అంకెల దగ్గర మరీ జాగ్రత్త. జనాభా లెక్కల్లో 1910లో 1.52 కోట్లు, 1921లో 1.43 కోట్లు. ఆ తేడా అంతా యుద్ధంలో చచ్చిపోయినవాళ్లని రాసేయకు. 1918 ఫ్లూ ఉంది, అమెరికాకు వెళ్లిపోయినవాళ్లున్నారు, పుట్టకుండా పోయిన పిల్లలున్నారు, లెక్కకు దొరకనివాళ్లూ ఉన్నారు.

ఇక 1920లో ఆపితే, 1926లో చర్చి కోసం విప్లవ ప్రభుత్వం మీదే తిరగబడ్డ క్రిస్తెరో రైతులు నీకు కనపడరు. 1934 నుంచి 1940 మధ్య అధ్యక్షుడు కార్దెనాస్ పంచిన దాదాపు 1.8 కోట్ల హెక్టార్లూ కనపడవు.

జాతీయ ఆర్కైవ్స్ మెక్సికో సిటీలో పాత లెకుంబెర్రీ జైలు భవనంలో ఉంది. 1913 ఫిబ్రవరిలో, దియాజ్ తర్వాత అధ్యక్షుడైన మదేరోను కాల్చి చంపింది ఆ జైలు పక్కనే. వెళ్లేలోపు రోజూ ఒక పేజీ అయినా పాత స్పానిష్ చేతిరాత చదవడం అలవాటు చేసుకో. ఏ ఊరు తీసుకున్నావో తేలగానే నాకు రాయి.

మీ అత్తయ్య