పడవావిడ నోటికి పట్టని పేరు

అమ్మాయీ,

నీ ఊహాలోకపు నవల మూడు అధ్యాయాలూ, వాటితో పాటు ఆ లోకానికి గీసిన ఎనిమిది మడతల మ్యాపూ అందాయి. నువ్వు 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టావు గానీ నాకు నిన్ను 'మీరు' అనడం రాదు, వయసు అలాంటిది. ఏమీ అనుకోకు.

రెండో అధ్యాయం మధ్యలో కాగితాలు పక్కన పడేశాను. వరద ముంచుకొస్తోంది. గట్టు మీద పిల్లాజెల్లా నిలబడి ఉన్నారు. పడవ నడిపే ముసలావిడ గొంతు చించుకుని అరుస్తోంది: "శ్వేతశిలాధీశపురం వాళ్లు ముందెక్కండి!" ఆ పేరు పూర్తయ్యేలోపు సగం మంది కొట్టుకుపోరూ? పైగా పక్కనే బ్రాకెట్లో 'తెల్లరాతి ప్రభువుల నగరం' అని అర్థం ఒకటి. అలా అరిచే మనిషి నోట్లో బ్రాకెట్ ఎలా ఇరికిందమ్మా?

అప్పుడు మ్యాప్ తెరిచాను. 43 పేర్లు. అందులో 31 పురాలూ నగరాలే. తక్కినవి వ్యోర్ఖాజ్, జెల్థ్రాయిన్ బాపతు. ఒత్తులు ఎక్కువ పెడితే లోకం పాతబడుతుందని ఈమధ్య అందరూ నమ్ముతున్నట్టున్నారు. బటన్ నొక్కితే ఇలాంటివి వంద ఇచ్చే యాప్‌లు కూడా ఉన్నాయట. ఉండనీ.

నా గోల ఒక్కటే. ఊరి పేరు వాడి వాడి అరిగిపోయినట్టుండాలి, గుమ్మం ముందు మెట్టు మధ్యలో అరిగినట్టు. రాజు ఏ పేరైనా పెట్టుకోనీ, చివరికి నిలబడేది దారి అడిగేవాడూ దారి చెప్పేవాడూ అనుకున్న పేరే. ఇంగ్లండ్‌లో ఏవన్ అనే నది ఒకటి కాదు, చాలా ఉన్నాయి. అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ల భాషలో ఆ మాటకి నది అనే అర్థం. ఊరి పక్కనున్న ఒక్క ఏటిని ఏరనక ఏమంటారు? తర్వాత వచ్చినవాళ్లు అదే దాని పేరనుకుని తమ 'రివర్' కూడా తగిలించారు. అక్కడే పెండిల్ హిల్ అని ఒక కొండ ఉంది. అందులో 'పెన్' అంటే ఆ మొదటివాళ్ల భాషలో కొండ. దానికి అతుక్కున్న పాత ఇంగ్లీషు ముక్కకీ కొండే అర్థం. రెండూ కలిసి అరిగిపోయి అర్థం పోయాక, మళ్లీ ఇంకో 'హిల్'. కొండకొండ కొండ! మూడు కాలాల మనుషులు, ముందువాళ్ల మాట తెలియక, ఒకే చోట నిలబడి ఒకే వైపు వేలు చూపించారు. నీ మ్యాప్‌లో అలాంటి కొండ ఒక్కటుంటే ఆ మొదటి అధ్యాయంలో వంశచరిత్ర అంతా తీసేయొచ్చు.

టర్కీలో ఇస్తాంబుల్ సంగతి ఇంకా బాగుంటుంది. గ్రీకులో 'నగరంలోకి' అనే మాట నుంచి వచ్చింది అది. ఎక్కడికయ్యా అంటే నగరానికి. అదే నిలిచిపోయింది. తర్వాత ఒట్టోమన్ కాలంలో దాన్నే కాస్త తిప్పి ఇస్లాంబోల్ అని కూడా అన్నారు, ఇస్లాం నిండిన చోటు అనే అర్థం వచ్చేలా. పేరు అక్కడే ఉంది, అర్థం కొత్తది వచ్చి కూర్చుంది.

ఇప్పుడు నీ శ్వేతశిలాధీశపురం తీసుకో. నీ కథ ప్రకారమే అక్కడ మొదట ఉన్నది జాలర్లు. ఏటి ఒడ్డున వాళ్లు పడవలు కట్టుకునే తెల్లటి బండ ఒకటి ఉంటుంది. 'తెల్లబండ దగ్గరికి రా' అంటారు. అంతే, పేరు పుట్టింది. నాలుగు తరాల తర్వాత కోట కట్టిన రాజుకి బండ అనే మాట మోటుగా వినిపిస్తుంది. ఆస్థాన కవి శ్వేతశిలానగరం అంటాడు, శాసనాల్లో అదే చెక్కుతారు. ఓరుగల్లుకి ఏకశిలానగరం అనే పేరు అలా సంస్కృతంలో వచ్చిందే కదా. జాలర్లు మాత్రం తెల్లబండ అనే అంటారు. ఆ తర్వాత ఎక్కడినుంచో వర్తకులు దిగుతారు. వాళ్ల నాలుకకి 'ల్ల' తిరగదు. లెక్కల పుస్తకంలో తేలబంద్ అని రాసుకుంటారు. వందేళ్లు సంతలో అది విని విని జాలర్ల మనవలు కూడా తేలబండ అనేస్తారు. ఇక చూడు. బండ తేలడమేమిటని ఏదో ఒక పిల్ల అడగకుండా ఉంటుందా? ముసలమ్మ కథ అల్లుతుంది. వెనకటికి పెద్ద వరదొచ్చి ఊరంతా మునిగిందట, ఈ బండ ఒక్కటే నీళ్ల మీద తేలిందట, దాని మీదెక్కి బతికినవాళ్లే మన పెద్దలట. అప్పటినుంచీ ఏటా ఆ రోజున బండకి పడవ కట్టరు. ఒక్క ఒత్తు జారిపోయినందుకు నీకొక పురాణమూ ఒక ఆచారమూ ఊరికే దొరికాయి.

ఇప్పుడు వరద రాత్రి ఆ ముసలావిడ చేత "తేలబండోళ్లు ముందెక్కండి!" అని అరిపించి, పైకి చదువుకో. వాళ్లు ఎక్కరు. మా బండ తేలుతుంది, నువ్వు పో అంటారు. నీ మూడో అధ్యాయం అక్కడుంది, ఆ కత్తి కోసం వెతుకులాటలో లేదు.

నేనూ ఒకప్పుడు పురాలు రాసినదాన్నే. మొదటి నవల కోసం రెండేళ్లు పేర్ల నోట్‌బుక్ నింపాను, నవల నలభై పేజీలు దాటలేదు. తర్వాత బుద్ధి తెచ్చుకుని ఒక ఊరికి 'మడుగు' అని పేరు పెడితే, సీరియల్ వేసిన వారపత్రిక ఎడిటర్ నాకు చెప్పకుండా 'సరోవరనగరి' చేశాడు. అలా లేకపోతే ఊహాలోకం అన్న ఫీల్ రాదట. పద్నాలుగు వారాలు నా జనం సరోవరనగరిలో గేదెల్ని కడిగారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా కోపం మాత్రం పోలేదు.

అదే నవల పుస్తకంగా వచ్చేటప్పుడు డీటీపీ కుర్రాడు ఒకే ఏటి పేరు మూడు రకాలుగా కొట్టాడు. వేగేరు, వేగారు, యాగేరు. ప్రూఫులు చేత్తో పట్టుకుని పోట్లాడటానికి వెళ్లాను. అతను నా రాతప్రతి తీసి ముందు పెట్టి, "మీరే మూడు రకాలుగా రాశారు మేడమ్, కావాలనే రాశారేమో అని ముట్టుకోలేదు" అన్నాడు. మారు మాట్లాడకుండా ఇంటికొచ్చాను. ఆ రాత్రి కూర్చుని సరిచేద్దామని మొదలుపెట్టి, తెల్లారేసరికి మూడూ ఉంచేశాను. ఎగువవాళ్ల నోట ఒకటి, దిగువవాళ్ల నోట ఒకటి, పన్ను కాగితాల్లో ఒకటి. ఆ పుస్తకంలో నాయకుడి పేరు మర్చిపోయినవాళ్లు కూడా ఆ ఏటి గురించి అడుగుతారు.

ఇంగ్లీషులోకి వెళ్తే పేర్లు అనువదించాలా, అలాగే ఉంచాలా అని అడిగావు. అదీ ఆ పడవావిడనే అడుగు. పేరుకి అర్థం ఆవిడకి తెలిస్తే చదివేవాళ్లకీ తెలియాలి. ఆవిడకే తెలియకపోతే ముట్టుకోవద్దు. 1956లో తన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' నవలలో పేర్లని డచ్ అనువాదకుడు మార్చేస్తున్నాడని తెలిసి టోల్కీన్ మండిపడ్డాడు, పేర్లు అనువదించడమే కూడదన్నాడు. తర్వాత స్వీడిష్‌లో జరిగింది కూడా చూశాక దారి మార్చి, ఏది అర్థాన్ని బట్టి మార్చాలో ఏది అలాగే వదిలేయాలో అనువాదకుల కోసం తనే ఒక జాబితా రాసిపెట్టాడు. ఆయన పోయాక, 1975లో, అది అచ్చయింది కూడా. కథలో అందరూ మాట్లాడుకునే భాషలో ఉన్న పేర్లు మారొచ్చు, తక్కిన భాషలవి మారకూడదు. అదీ ఆయన లెక్క.

నాకు ఆ తెలివి లేకపోయింది. నా ఇంకో నవలలో ఏడ్మెట్ట అని ఊరు. ఏడు మెట్టలున్న చోటని కొందరంటారు, ఎవరో తల్లి ఏడ్చిన మెట్ట అని కొందరంటారు. చివరి అధ్యాయంలో కరువొచ్చి చెరువు ఎండిపోతే, అడుగున రాతి మెట్లు బయటపడతాయి. ఏడు. ఊరంతా గట్టు మీద నిలబడి మాట లేకుండా చూస్తుంది. అనువాదకుడు తెలివైనవాడు. మొదటి పేజీ మొదటి వాక్యంలోనే 'సెవెన్ స్టెప్స్' అని రాసేశాడు. తప్పు అతనిది కాదు, ఆ పేరు సంగతి ఎవరికి ఎప్పుడు తెలియాలో నేను కాగితం మీద పెట్టి ఇవ్వలేదు. (అతనిది కూడానూ. డాన్సు స్కూలు పేరులా లేదూ అది?)

నీ మిగతా ప్రశ్నలకి ఇంకోసారి రాస్తాను.

అన్నట్టు, మ్యాప్ అడుగున ఒక మూల పెన్సిల్‌తో 'చీకటిదిగుడు' అని రాసి కొట్టేశావు. రాత్రిపూట మాత్రమే పడవలు ఆగే రేవు కాబోలు. 43లో అది లేదు, కథలోనూ ఎక్కడా లేదు. నీ కాగితాలన్నిటిలో నేను రెండోసారి చదివింది ఆ ఒక్క మాటే. ఎవరి కంటా పడకుండా అక్కడ దిగినవాళ్లెవరు? ఆ పేరు వాళ్లు పెట్టుకున్నదా, గట్టు మీదనుంచి చూసినవాళ్లు పెట్టిందా? అది రాసి పంపు. మ్యాప్ అక్కర్లేదు.

ఉంటాను.